కార్పెట్ కింద కొర్రమట్ట నీళ్లు

నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీద మా ఊరి పేరు రాసి ఉంటే ఆ అక్షరాల వరసను చూసి గుర్తు పడతాను. అంతకు మించి చదువు లేదు. అందుకని నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. నా మాట నోట్లోంచి వచ్చినట్టే రాస్తే చదివేవాళ్లకు కష్టమట, పుస్తకాల తెలుగులోకి సర్ది రాస్తానంది. మాటను సర్దుకో, నేను చేసిన పనిని మాత్రం సర్దవద్దు అన్నాను. ఇందులో చేప తిన్నది తనే. కానీ సిగ్గుపడాల్సింది తను కాదు, నేను.

సంగతి ఏమిటంటే, నేను చేసిన తప్పుకు ఒక పెద్దమనిషి, తానే చేశాననుకుని, రెండు చేతులూ జోడించి క్షమాపణ చెప్పాడు. నేను పక్కనే తడిగుడ్డ పట్టుకుని నిలబడి విన్నాను. నోరు తెరవలేదు.

మాది చేపలు పట్టి బతికే ఇల్లు. మా ఆయన ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో వల వేసేవాడు, నేను గంపలో పెట్టుకుని అమ్మేదాన్ని. ఆయన చలికాలంలో పోయాడు. గుండె అన్నారు దవాఖానలో. ఆయన పట్టని చేపలు ఇంకెవరి దగ్గరో కొని అమ్మబుద్ధి కాలేదు. సాగర్ రోడ్డు మీద కార్లు కడిగే షెడ్డులో పనికి కుదిరాను.

మొదట నాకు చక్రాలు కడిగే పని ఇచ్చారు. ఒకరోజు ఒక బండి వచ్చింది, లోపల కుళ్లిన వాసన. షెడ్డు నడిపే సారు, ఆయన ముప్పై అయిదేళ్ల మనిషి, సీట్లన్నీ వెతికాడు, ఏమీ దొరకలేదు. నేను తలుపు దగ్గర నిలబడి, "పాలు సారూ, ఎన్కసీటు సందుల పాలు పడి ఎండినయ్" అన్నాను. సందులో వేలు పెట్టి చూస్తే పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. ఆ రోజు నుంచి నన్ను లోపలి పనికి మార్చాడు. ఏ బండి వాసనతో వచ్చినా ముందు నన్ను పిలిచేవాడు. "అక్కా, జర ముక్కు పెట్టు" అనేవాడు. ముప్పై ఏళ్లు చేపల మధ్య బతికిన ముక్కు నాది. ఏది తాజా, ఏది నిన్నటిది, ఏది ఐసులో పెట్టి తీసింది అని గంప దగ్గరికి వంగకుండానే చెప్పేదాన్ని. ఆ ముక్కుకు షెడ్డులో మర్యాద దొరుకుతుందని కలలో కూడా అనుకోలేదు.

వాసన పోగొట్టే పనికి ఒక మెషిను ఉండేది, ఫాగింగ్ మెషిను అంటారు. కరోనా రోజుల్లో కొన్నారట. చిన్న డబ్బా లాంటిది. అందులో మందు నీళ్లు పోసి, బండి లోపల ముందు సీటు కింద పెట్టి, ఏసీ నడిపించి, బయటి గాలి రాకుండా మీట నొక్కి, తలుపులు మూసేయాలి. తెల్లటి పొగమంచు లాగా లేచి సీట్ల మీద, పైకప్పు గుడ్డ మీద, ఏసీ రంధ్రాల్లోకి పాకుతుంది. చాయ్ తాగి వచ్చేంత సేపు ఉంచి, ఆపైన నాలుగు తలుపులూ తీసి గాలికి వదలాలి. పురుగు పుట్రా చస్తుంది, వాసన పోతుంది, నిమ్మకాయ కోసినట్టు ఉంటుంది.

అయితే దానికి ఒక పద్ధతి ఉంది. సారు మొదటి రోజే చెప్పాడు. "ముందుగాల వాసన ఏడికెళ్లి వస్తున్నదో పట్టాలె. దాన్ని తీసి కడగాలె. ఆఖరుకు పొగ." పసిపిల్లకు తల రుద్ది స్నానం పోశాకే కదా సాంబ్రాణి వేస్తాం, మురికి తల మీద వేయం కదా. నాకు అలా అర్థమైంది. కింద కుళ్లుతున్నదాన్ని వదిలేసి పైన పొగ పెడితే మూడో రోజుకు మళ్లీ మొదటికే వస్తుంది.

షెడ్డులో ఇంకొక మనిషి ఉండేవాడు. అరవై దాటిన ముస్లిం పెద్దాయన, ఒకప్పుడు లారీ నడిపినవాడు. గిరాకీల ఇళ్ల నుంచి బండ్లు తేవడం, పని అయ్యాక మళ్లీ అప్పజెప్పి రావడం ఆయన పని. అందరూ చాచా అనేవారు, నేను భాయ్ అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. కరోనాతో పాటు ఆయన ముక్కు కూడా పోయింది. అత్తరు పూసినా తెలియదు, డీజిల్ పోసినా తెలియదు. అందుకని ఏ బండి అప్పజెప్పబోయినా ముందు నన్ను కూర్చోబెట్టి వాసన చూడమనేవాడు. నేను బాగుంది అంటేనే తాళం తిప్పేవాడు.

ఇక మిరుగం సంగతి. మృగశిర కార్తెను మేము మిరుగం అంటాం. ఆ రోజు అందరూ చేప తింటారు, తినని ఇళ్లవాళ్లు ఇంగువ ముక్క బెల్లంలో పెట్టి మింగుతారు. మా ఇంట్లో ఇంకొకటి కూడా ఉంది. బిడ్డను తుక్కుగూడలో ఇచ్చినప్పటి నుంచి మా ఆయన ఏటా మిరుగం పొద్దున కొర్రమట్ట చేపను పట్టి, బతికి ఉండగానే బిడ్డ ఇంటికి చేర్చేవాడు. మా వియ్యపురాలు దాన్ని వేలితో పొడిచి, అది ఎగిరితే నవ్వేది. కదలకపోతే బజారులో కొన్నదంటుందని మా ఆయనకు భయం. ఆయన పోయాక వచ్చిన మొదటి మిరుగానికి వారం ముందు ఆమె ఫోనులో అంది, "ఈపారి చేప మేమే కొనుక్కుంటం తియ్ వదినె, నువ్వేడ తెస్తవ్." జాలితోనే అన్నదేమో. నాకు మాత్రం కారం చల్లినట్టయింది.

మిరుగం రోజు తెల్లవారక ముందే కట్ట మీదికి పోయాను. మా ఆయనతో కలిసి వల వేసిన మనిషి ఒక కొర్రమట్టను తీసి పెట్టాడు. మోచేతి పొడుగున ఉంది, నల్లగా నిగనిగలాడుతూ. "బకెట్ల తీస్కపో వదినె, కవర్ల ఆగదు" అన్నాడు. నేను వినలేదు. బకెట్ పట్టుకుని షెడ్డుకు పోతే అందరూ చూస్తారు. కవరులో కవరు పెట్టి, చెరువు నీళ్లు పోసి, మూతి కట్టి, బట్ట సంచిలో దించాను.

ఎందుకు దాచడమంటే, ఆ రోజు తుక్కుగూడలో ఉండే ఒక మేడం గారి బండిని, వాసన తీసే పని అయిపోయి, భాయ్ అప్పజెప్పాల్సి ఉంది. సారు ఏదో ఫంక్షన్‌కు పోయాడు. గిరాకీ బండిలో పనివాళ్లు ఎక్కకూడదు, ఏ సామానూ పెట్టకూడదు, అది షెడ్డు కట్టుబాటు. బస్సులు మారి పోతే మధ్యాహ్నం అవుతుంది, చేప ఆగదు. భాయ్‌ని అడిగాను.

"భాయ్, నన్ను జర తుక్కుగూడల దించు. బిడ్డను చూసి బస్సుల వస్త."

"సారుకు తెలిస్తె నన్ను ఒర్రుతడు చెల్లె."

"ఎవ్వలు చెప్తరు?"

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సంచిల ఏమున్నది?"

"చింతచిగురు" అన్నాను.

"గంత బరువు చింతచిగురా?"

"రెండు కొమ్మలు దులిపిన భాయ్."

నవ్వాడు, వెనక తలుపు తీశాడు. ఆ ముక్కు పనిచేస్తుంటే తలుపు తీసేవాడే కాదు. ఆ సంగతి నాకు తెలిసే అడిగాను. ఇది రాయి బిడ్డా, సరిగ్గా రాయి. తెలిసే అడిగాను.

బొంగుళూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కేదాకా చేప నెమ్మదిగానే ఉంది. బండి వేగం అందుకోగానే తోక కొట్టడం మొదలుపెట్టింది. సంచిని రెండు కాళ్ల మధ్య నొక్కి పట్టాను. మళ్లీ కొట్టింది.

"ఏంది చెల్లె గా సప్పుడు?"

"చెప్పులు తీస్తున్న భాయ్."

"చెప్పులతోని కొట్లాడుతున్నవా?"

నేను నవ్వుతున్నట్టు నటిస్తుండగానే కవరు చిరిగింది. నీళ్లు కాళ్ల మీదికి వచ్చాయి, చల్లగా, జిగటగా. రబ్బరు పట్టా మీద నిలవకుండా అంచుల నుంచి కిందికి జారిపోయాయి. కొంగుతో అద్దాను, పిండడానికి చోటు లేదు, మళ్లీ అద్దాను. కొర్రమట్ట నీళ్లు లేకపోయినా చాలాసేపు బతుకుతుంది, దాని ఫికర్ లేదు. కిటికీ దించాను. భాయ్ వెనక్కి తిరిగి చూడలేదు. పైన తుడిచేశాను కదా, ఆరిపోతుంది అనుకున్నాను. రోజూ కార్లు కడిగే మనిషిని. పట్టా కింద కార్పెట్, కార్పెట్ కింద దూది లాంటి మెత్త ఉంటుందని, అది నీళ్లు తాగితే వదలదని నాకు తెలియదా? తెలుసు. దిగేటప్పుడు అన్నీ తెలియనట్టే దిగాను.

బిడ్డ ఇంట్లో చేప ఎగిరింది. వియ్యపురాలు వెనక్కి గెంతి, "అన్న ఉన్నప్పటి లెక్కనే తెచ్చినవ్ గద వదినె" అంది. నేను అక్కడ చాప మీద కూర్చుని ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఆ రోజు అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

మేడం వాళ్లు అదే రోజు ఊరికి పోయారట. బండి నాలుగు రోజులు ఎండలో అద్దాలన్నీ మూసుకుని నిలబడింది. అయిదో రోజు మేడమూ ఆమె భర్తా ముక్కులకు గుడ్డలు కట్టుకుని షెడ్డుకు వచ్చారు. వాళ్లు గుడ్డు కూడా తినరు. మిరుగానికి ఇంగువ మింగే ఇల్లు వాళ్లది.

"గిది వాసన తీసిన బండేనా? శవాన్ని మోసినట్టున్నది" అన్నాడు భర్త.

సారు తలుపు తీసి, వెంటనే మూసేశాడు. "ఎవలు అప్పజెప్పిండ్రు?"

"నేనే" అన్నాడు భాయ్.

మేడం భర్త భాయ్ గడ్డం వంక చూశాడు. అలా చూసి సారు వైపు తిరిగి, "తెల్వది, గీళ్లు బండ్ల ఏమేం తీస్కపోతరో" అన్నాడు. గీళ్లు అన్న మాట నాకు వినబడింది. భాయ్‌కీ వినబడింది.

"చాచా, మాంసం గిట్ల పెట్టినవా బండ్ల?" అన్నాడు సారు.

"తోబ తోబ. ఎన్నడన్న పెట్టిన్నా సారూ? చెల్లెను అడుగు."

సారు నన్నే అడిగాడు. "అక్కా, ముక్కు పెట్టు. ఏం వాసన?"

వెనక తలుపు తీశాను. వంగాల్సిన పని లేదు. కొర్రమట్ట జిగట, చెరువు బురద, ఎండకు ఉడికిన దూది మెత్త. చేప అని చెబితే అక్కడున్న ప్రతి కన్నూ నా వైపే తిరుగుతుంది. చేపలమ్మిన మనిషి షెడ్డులో ఎవరు మరి? ఇది బయటపడితే పని పోతుంది, పని పోతే మళ్లీ గంప. ఆ గంప ఊసే నాకు పడదు.

"తెలుస్తలే సారూ. మురిగిన వాసన."

"మాంసమేనా?"

"కావచ్చు" అన్నాను.

ఒక్క మాట. ఆయన మాంసం అన్నాడు, నేను కావచ్చు అన్నాను. ఆ అబద్ధానికి నేను పెద్దగా కష్టపడను కూడా లేదు. ఆ మేడం భర్త చూసిన చూపే సగం పని చేసి పెట్టింది. భాయ్ ముసల్మాను కాకపోతే ఆ కావచ్చు నమ్మేవాళ్లు కాదు. నాకు అది అప్పుడే తెలుసు. దాని చాటునే నిలబడ్డాను.

బండి మాకు వదిలి వాళ్లు పోయారు. నన్ను ఫాగింగ్ పెట్టమన్నాడు సారు. సీట్లు తుడిచాను, పట్టాలు కడిగాను. ఎడమ వైపు వెనక కార్పెట్ మాత్రం ఎత్తలేదు. ఎత్తితే మెత్త కనబడుతుంది, మెత్తలో పొలుసులు ఉంటాయి. మాంసానికి పొలుసులు ఉండవు కదా. అందుకని కింద కుళ్లు అలాగే ఉంచి పైన పొగ పెట్టాను. అద్దంలోంచి చూస్తే లోపల అంతా తెల్లగా, ఏమీ కనబడకుండా ఉంది. కనబడకపోవడం అంత హాయిగా నాకు ఎప్పుడూ అనిపించలేదు. తలుపులు తీశాక నిమ్మకాయ వాసన. మర్నాడు పొద్దున నిమ్మకాయ మీద చేప. రెండోసారి పెట్టాను. మూడో రోజు మళ్లీ చేప. సారు ఇంకా ఘాటు మందు తెచ్చాడు. ఒక్కొక్కసారి పొగ పెట్టడం, ఒక్కొక్కసారి నేను అబద్ధమాడటం, రెండూ నాకు ఒకటే అయిపోయాయి.

ఆ మధ్యలోనే భాయ్ నన్ను నీళ్ల పంపు దగ్గరికి పిలిచాడు. చేతిలో ఆయన అన్నం డబ్బా ఉంది, స్టీలుది.

"చెల్లె, నిజం చెప్పు. ఆ దినం నా డబ్బ బండ్లనే ఉండె. సీటు కింద పెట్టిన. గందుల ఖీమా ఉండె. మూత ఊడి కారిందో ఏమో. నాకు తెల్వది గద." డబ్బాను నా ముక్కు దగ్గర పెట్టాడు. "గిదే వాసననా?"

డబ్బా తళతళలాడుతోంది. సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు. ఆయన కళ్లు నా ముక్కు మీదే ఉన్నాయి, దవాఖానలో డాక్టరు వంక చూసినట్టు.

"ఏమో భాయ్" అన్నాను.

ఆయన తల ఊపాడు. నేను అవును అన్నా ఆయనకు అంత నమ్మకం కలిగేది కాదేమో. నేను మొహమాటపడి చెప్పలేకపోతున్నాననుకున్నాడు. అంత మంచిగా అర్థం చేసుకున్నాడు నన్ను.

ఆ సాయంత్రం మేడం బండి చూడటానికి వచ్చింది. భాయ్ తనంతట తాను ముందుకు పోయి రెండు చేతులూ జోడించాడు. "గలతీ నాదేనమ్మా. నా తిండి డబ్బ కారినట్టున్నది. నాకు వాసన తెల్వది. మాఫ్ చెయ్యుండ్రి." మేడం ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ వెనక్కి వేసిన అడుగు నాకు ఇప్పటికీ కనబడుతుంది. సారు, "రేపటి సంది ఇంటికాడ్నే ఉండు చాచా, బండి సంగతి తేలినంక చూద్దాం" అన్నాడు. భాయ్ తాళాల గుత్తి గోడకు తగిలించి, చెప్పులేసుకుని పోయాడు. నేను తడిగుడ్డ పిండుతూ ఉన్నాను. అది ఎండినా పిండుతూనే ఉన్నాను.

మర్నాడు సీట్లన్నీ విప్పిస్తానన్నాడు సారు. అందుకని అందరికంటే ముందు పోయాను, చీపురు కూడా పట్టని వేళకు. ఎడమ వైపు కార్పెట్ ఎత్తాను. మెత్త నల్లబడి ఉంది. పొలుసులు ఏడో ఎనిమిదో, గోరంత గోరంత, అతుక్కుని ఉన్నాయి. ఒక్కొక్కటి ఏరి, మెత్త కోసి పారేసి, కింది రేకును సబ్బుతో, తరువాత మందు నీళ్లతో కడిగాను. ఆరబెట్టి, అప్పుడు ఫాగింగ్ పెట్టాను. పద్ధతి ప్రకారం. తలుపు తీసేసరికి ఏ వాసనా లేదు.

సారు వచ్చి లోపల కూర్చుని ఊపిరి పీల్చాడు. "పట్టినవ్ గద అక్కా. ఏడుండె?"

"కార్పెట్ కింద సారూ. నీళ్లు దిగినయ్."

"చాచా డబ్బనేనా?"

నేను పట్టా తెచ్చి పరిచాను. జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం కూడా చెప్పడమే. సారు అందరి ముందు నన్ను మెచ్చుకున్నాడు. అక్క ముక్కు లేకపోతే షెడ్డు లేదు అన్నాడు. ఆ మెచ్చుకోలు తీసుకుని ఇంటికి పోయి, మా ఆయన ఫొటోను గోడ వైపు తిప్పి పడుకున్నాను.

రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు పని ఎగ్గొట్టి భాయ్ ఇంటికి పోయాను. చెప్పాలనే పోయాను అని చెప్పుకుంటాను గానీ, ఎలా ఉన్నాడో చూసి, బాగానే ఉంటే చెప్పకుండా వచ్చేద్దామని కూడా మనసులో ఉంది.

భాయ్ బయట మంచం మీద కూర్చున్నాడు. ఆయన భార్య చాయ్ పెట్టింది. గ్లాసు నా చేతికిస్తూ మొదలుపెట్టింది.

"చూడు చెల్లె మీ భాయ్ సంగతి. నలభై ఏండ్ల కాపురంల నన్ను ఒక్కనాడు ఒక్క మాట అనలే. మొన్న డబ్బ నేలకేసి కొట్టిండు. మూత గట్టిగ పెట్టలే అన్నడు, నీ వల్ల నా ఇజ్జత్ పోయింది అన్నడు. నేను పెట్టిన మూత ఎన్నడు ఊడలే."

"ఊకో" అన్నాడు భాయ్.

"ఎందుకు ఊకోవాలె? ఇప్పుడు బయటికి పోవాలంటే అంగీ నా ముక్కు కాడ పెడతడు. వాసనొస్తున్నదా, వాసనొస్తున్నదా అని. నా ముక్కు మీద కూడ నమ్మకం లేదు ఆయనకు."

భాయ్ సిగ్గుగా నవ్వాడు. లేచి నా దగ్గరికి వచ్చి, చొక్కా చేతిని నా ముందు చాచాడు. "నువ్వైతే కరెక్టు చెప్తవ్ చెల్లె. జర చూడు."

ఉతికిన చొక్కా, ఇస్త్రీ వేడి ఇంకా ఉంది. నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"అది చేప భాయ్" అన్నాను. "నా సంచిల చింతచిగురు లేదు. కొర్రమట్ట ఉండె. కవరు పగిలింది. నీ డబ్బ ఏం చెయ్యలే."

భాయ్ చెయ్యి ఇంకా చాచే ఉంది. తరువాత నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు.

"సారు మాంసమా అంటె, కావచ్చు అన్నవ్ గద."

"అన్న."

"ఎందుకన్నవ్?"

"నా పని పోతదని."

"నాది పోతె?"

ఆయన మంచం మీద కూర్చున్నాడు. కోపంగా అరిచి ఉంటే నాకు తేలికయ్యేది. ఆయన నేల వంక చూస్తూ అన్నాడు, "బండ్లనే చెప్పి ఉంటే ఆపెటోన్ని. ఇద్దరం కలిసి తుడిచెటోళ్లం. పది నిమిషాల పని." మళ్లీ కాసేపటికి, "నేను చేతులు జోడించిన మేడంకు నువ్వు పోయి చెప్పు. నాకు గంతే" అన్నాడు.

భాభీ నా గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. అందులో చాయ్ ఇంకా సగం ఉంది.

ముందు సారుకు చెప్పాను. ఆయన నా ముఖం చూడకుండా, "బండి మంచిగైంది గద, మళ్ల ఎందుకు లొల్లి" అన్నాడు. "నేను మేడం ఇంటికి పోతున్న సారూ, చెప్పి పోదామని వచ్చిన" అన్నాను. బస్సులు మారి పోయాను. గేటు దగ్గరే నిలబడి చెప్పాను. మేడం మొదట నమ్మలేదు. "అదేంటి, ఆయనే ఒప్పుకున్నాడు కదా" అంది.

"ఆయనకు వాసన తెల్వదమ్మా. నాకు తెలుసు. తెలిసి చెప్పలే. ఆయన బండ్ల ఏ మాంసం పెట్టలే."

ఆమె భర్త లోపలి నుంచి ఎవరని అడిగాడు. మేడం వెనక్కి చూసి, "నువ్వు అనకూడని మాట అన్న మనిషి గురించి చెబుతోంది, వచ్చి విను" అంది. ఆయన రాలేదు. గేటు దగ్గర మేమిద్దరమే నిలబడ్డాం. ఆమె ముఖం ఎర్రబడింది. ఆ ఎరుపులో నాది ఎంత, ఆమెది ఎంత, నాకు తెలియదు. ఇక మీదట మా బండి లోపల నువ్వు ముట్టుకోవద్దు అంది. సరేనమ్మా అన్నాను. న్యాయమే.

సారు నన్ను మళ్లీ చక్రాల దగ్గరికి పంపాడు. పని తీసేయలేదు, అదే ఎక్కువ. భాయ్‌కి తనే ఫోను చేసి రమ్మన్నాడు. నాలుగో రోజు భాయ్ వచ్చి తాళాల గుత్తి అందుకున్నాడు. నన్ను చూసి, "చాయ్ తాగినవా చెల్లె?" అన్నాడు, ఎప్పటిలాగే. తాగాను అన్నాను. మాట్లాడతాడు. చెడ్డ మాట ఒక్కటీ ఎత్తడు. ఆయన ఎత్తకపోయేసరికి నాకు తల ఎత్తడం ఇంకా కష్టంగా ఉంటుంది.

భాభీ మాత్రం మాట్లాడలేదు. పోయిన నెల అంగట్లో గిన్నెల దుకాణం దగ్గర కనబడింది. తప్పుకుపోదామనుకున్నాను, అప్పటికే చూసింది. ఆమె చేతిలో కొత్త స్టీలు డబ్బా ఉంది. నా ముందు పెట్టింది.

"మూత చూడు. గట్టిగున్నదా?"

రెండు చేతులతో లాగాను. గోళ్లు నొప్పి పుట్టాయి గానీ మూత రాలేదు.

"గట్టిగున్నది భాభీ."

"పాతది గిట్ల గట్టిగనే ఉండె" అంది. డబ్బా నా చేతిలోంచి తీసుకుని, దుకాణం వాడికి ఇదే కట్టమని చెప్పి, నా వైపు మళ్లీ చూడలేదు.